ఎడమ చెయ్యి ఎత్తితే

డాక్టరమ్మ చెయ్యి తేలికని ఆ వీధిలో అందరూ అనేవారు. పన్ను పీకించుకున్నవాళ్ళు కూడా "అయిపోయిందా? ఎప్పుడు పీకారు?" అని అడిగి మరీ కుర్చీ దిగేవారు. మందుల దుకాణం పైన రెండో అంతస్తులో ఆమె క్లినిక్కు. ముందు గదిలో బెంచీలు, లోపల గదిలో వైద్యం చేసే కుర్చీ, దాని పక్కనే బరువైన తలుపున్న ఎక్స్‌రే గది, వెనక కట్టుడు పళ్ళు తయారుచేసే ఇరుకు గది. ఆ ఇరుకు గదిలోంచి ఇనప మెట్లు వెనక సందులోకి దిగుతాయి.

వచ్చేవాళ్ళలో ఒక పరాయి దేశపు రాయబార కార్యాలయం మనుషులు కూడా ఉండేవారు. డాక్టరమ్మ చదువుకున్నది ఆ దేశంలోనే. వాళ్ళ భాష వాళ్ళ యాసతోనే మాట్లాడుతుంది. రెండు దేశాలకూ ఉప్పూ నిప్పుగా ఉన్న రోజులవి. అయినా పన్ను నొప్పికి సరిహద్దులేమిటని ఆమె ఎవరొచ్చినా చూసేది.

ఆ ఏడు కొత్తగా రావడం మొదలుపెట్టినవాడు అక్కడి సైనిక వ్యవహారాలు చూసే కల్నల్. జుట్టంతా నెరిసింది గాని వెన్ను వెదురుకర్రలా నిటారుగా ఉండేది. అతని వెంట ఎప్పుడూ ఒక లెఫ్టినెంటు ఉండేవాడు. ముప్పయ్యేళ్ళుంటాయేమో. పేరుకి సహాయకుడు, అసలు పని కాపలా. తమ అధికారి పరాయివాళ్ళతో ఒంటరిగా ఒక్క మాట కూడా మాట్లాడకుండా చూడటం అతని ఉద్యోగం. వైద్యం జరుగుతున్నంతసేపూ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"పెద్దసారు వచ్చారమ్మా, తోకతో సహా" అని సిస్టరు ముసిముసిగా నవ్వుతూ చెప్పేది. ఆ తోక అన్న పేరు క్లినిక్కులో అతనికి అలాగే అతుక్కుపోయింది.

తోక రాలేని చోటు ఒక్కటే, ఎక్స్‌రే గది. తలుపు వేస్తే బయట నిలబడాల్సిందే. ఒక రోజు పొద్దున ఆ గదిలో, డాక్టరమ్మ ఫిల్ము ముక్కని కల్నల్ దవడలో సర్దుతుండగా అతను ఆమె మణికట్టు పట్టుకుని ఆపాడు. ఫిల్ము బయటికి తీసి, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు.

"డాక్టర్, నేను మా దేశానికి తిరిగి వెళ్ళదలచుకోలేదు. ఈ మాట ఎవరికి చెప్పాలో మీకు తెలిసుంటే వాళ్ళకి చెప్పండి. తెలియకపోతే మరిచిపోండి."

ఆమె ఫిల్ము తిరిగి అతని నోట్లో పెట్టి, సీసపు తెర వెనక్కి వెళ్ళి మీట నొక్కింది. ఆ ఫిల్ము పనికిరాలేదు. గొట్టం పక్కకి తిరిగివుండటం ఆమె చూసుకోలేదు.

ఎవరికి చెప్పాలో ఆమెకు తెలుసు. తెలియనట్టు ఇన్నేళ్ళూ నటించింది, అంతే.

ఆమె అక్క మొగుడు ప్రభుత్వంలో గణాంకాల శాఖ ఉద్యోగి. అలాగని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ గణాంకాల మనిషికి చిన్న గుణకారం కూడా వేళ్ళు మడిస్తే గాని రాదు. చెప్పాపెట్టకుండా ఊళ్ళకి పోయేవాడు, గడ్డం మాసి తిరిగొచ్చేవాడు. "మా అల్లుడు లెక్కపెట్టేది ఏ లెక్కలో గాని, పెళ్ళాం పుట్టినరోజు మాత్రం ఆ లెక్కలోకి రాదు" అనేది డాక్టరమ్మ తల్లి. తండ్రి పోయిన నాటినుంచీ ఆ ఇంటికి పెద్దదిక్కు అతనే. మరదలిని పరాయి దేశం పంపి చదివించాలని పట్టుబట్టినవాడూ అతనే.

సెలవు రోజు అక్క ఇంట్లో భోజనాలయ్యాక, బావ వసారాలో కూర్చుని వేలు తడి చేసుకుంటూ పేపరు తిరగేస్తుంటే డాక్టరమ్మ పక్కన కూర్చుని విషయం చెప్పింది. అతను పేపరు మీంచి తల ఎత్తలేదు.

"ఇంకెవరికి చెప్పావు చిన్నీ?"

"ఎవరికీ లేదు."

"అమ్మకి?"

"అమ్మకి చెబితే ఈపాటికి పాలవాడికి కూడా తెలిసేది."

అతను పేపరు మడిచాడు. ఆశ్చర్యం కాని, సంతోషం కాని మొహంలో కనబడలేదు. "వచ్చేసారి ఎక్స్‌రే గదిలో ఒక్కటే అడుగు. వెనక ఎవరున్నారని."

ఆమె అడిగింది. భార్య చనిపోయిందనీ, పిల్లలు లేరనీ, పోగొట్టుకోవడానికి పెన్షను తప్ప ఏమీ లేదనీ కల్నల్ చెప్పాడు. ఎందుకు వదిలి రావాలనుకుంటున్నాడో అడగకుండానే చెప్పాడు. సరిహద్దు దాటి ఏయే ఊళ్ళ మీద, ఏ నెపంతో ఫిరంగులు పేల్చాలో వాళ్ళ పైవాళ్ళు నిర్ణయించేశారు. ఆ ఊళ్ళ పేర్లన్నీ అతని తలలో ఉన్నాయి. ఆ పథకం గీసినవాళ్ళలో అతనూ ఒకడు. "పటం మీద పెన్సిలుతో గుర్తు పెట్టినప్పుడు ఏమీ అనిపించలేదు డాక్టర్. తరువాత ఒక ఊళ్ళో బడి ఉందని తెలిసింది" అన్నాడు. అంతకంటే వివరంగా చెప్పే వ్యవధి ఆ గదిలో ఉండేది కాదు.

మాటలు సాగాలంటే అతను వస్తూ పోతూ ఉండాలి. వస్తూ ఉండాలంటే జబ్బు కావాలి. చివరికి డాక్టరమ్మ ఏ లోపమూ లేని దవడ పన్నుకి డ్రిల్లుతో రంధ్రం పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న పన్నుని చేజేతులా పాడు చెయ్యడం ఆమెకు అదే మొదలు. ఆ రోజు ఇంటికి వెళ్ళాక ముద్ద దిగలేదు.

"ఏమే, పళ్ళ డాక్టరుకే పన్ను నొప్పా?" అంది తల్లి.

"ఆకలి లేదమ్మా."

"ఆకలి లేకపోవడం కాదు, నువ్వేదో మింగి కూర్చున్నావు. కక్కితే పోతుంది."

కక్కేది కాదది.

మరో సంగతి కూడా ఆ రోజుల్లోనే ఆమె కంటపడింది. తోక కుడి దవడ వాచింది. మంచినీళ్ళు తాగేటప్పుడు తల ఒక పక్కకి వంచుతున్నాడు. ఒకసారి కల్నల్ నోరు పుక్కిలిస్తుండగా ఆమె ఉండబట్టలేక అడిగింది. "మీకు పన్ను నొప్పిగా ఉంది కదూ? ఎందుకు చూపించుకోరు?"

"నాకు అనుమతి లేదు మేడమ్" అన్నాడతను. తరువాత ఆ మాట మొరటుగా ఉందనుకున్నాడో ఏమో, కాస్త నవ్వాడు. "మా పాపకి ముందు పన్ను ఊడిందట. ఫోనులో మా ఆవిడ చెప్పింది. కొత్తది ఎన్నాళ్ళకి వస్తుంది?"

"తొందరలోనే వస్తుంది. నాలుకతో తోయొద్దని చెప్పండి."

"అది వినే పిల్ల కాదు" అన్నాడు తండ్రి గర్వంతో.

ఈ ముచ్చట ఆమె బావకి ఊరికే, జాలికొద్దీ చెప్పింది. అతను అప్పుడు మాత్రం తల ఎత్తాడు.

"వాచిందా? ఎంత వాచింది?"

"చీము పట్టింది. లోపల నరం కుళ్ళిపోయుంటుంది. ఎలా ఓర్చుకుంటున్నాడో గాని..."

"వైద్యం చెయ్యాలంటే ఎంతసేపు కుర్చీలో పడుకోవాలి?"

"బావా, అది నిజంగా జబ్బు చేసిన పన్ను."

"అందుకే కదే పనికొస్తుంది. దొంగ పన్నుకి కాపలావాడు పడుకోడు."

పథకం అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. కల్నల్ తన కాపలావాడిని వైద్యం చేయించుకోమని ఆజ్ఞాపిస్తాడు. వాడు కుర్చీలో వెనక్కి వాలి, దీపం వెలుగులో నోరు తెరుచుకుని ఉండగా కల్నల్ వెనక మెట్లు దిగి సందులో ఆగివున్న బట్టల వ్యాను ఎక్కుతాడు. డాక్టరమ్మకి ఏమీ తెలియదు. తన రోగి నోట్లో తల దూర్చి ఉంది, ఎవరు ఎటు పోయారో ఎలా చూస్తుంది?

"మరి అతని గతి?"

"ఎవరి గతి?"

"తోక గతి. అధికారిని పారిపోనిచ్చినవాడిని వాళ్ళు ఏం చేస్తారో నీకు తెలీదా?"

బావ వీధి వైపు చూశాడు. "అతన్నీ రమ్మని అడుగుతాం. వస్తానంటే కళ్ళకద్దుకుని తీసుకుంటాం. సరేనా?"

"మాటిస్తున్నావా?"

"ఇచ్చాను."

"పెళ్ళాం, పిల్ల అక్కడున్నారు. వాళ్ళని రప్పిస్తారా?"

"చూద్దాం" అన్నాడు బావ.

లోపలినుంచి పళ్ళేలు సర్దుతున్న అక్కకి ఆఖరి మాట ఒక్కటే వినబడినట్టుంది. "ఆయన చూద్దాం అంటే ఆశ పెట్టుకోకే! పెళ్ళైన కొత్తలో సముద్రం చూపిస్తారా అంటే చూద్దాం అన్నారు. ఇప్పటిదాకా బకెట్లో నీళ్ళే చూస్తున్నా" అని కేకేసింది. వసారాలో ఇద్దరూ నవ్వలేదు.

అనుకున్న రోజు పొద్దున్నించీ ముసురు పట్టింది. సిస్టరుకి డాక్టరమ్మ ముందే సెలవిచ్చింది. కల్నల్, తోక ఎప్పటిలాగే వచ్చారు. కారు డ్రైవరు కింద వీధిలో ఉండిపోయాడు.

కల్నల్ కుర్చీ దగ్గరికి వచ్చి, ఎక్కకుండా వెనక్కి తిరిగాడు. "ముందు నువ్వు కూర్చో. నీ మూలుగుకి రాత్రిళ్ళు పక్క గదిలో నాకు నిద్ర పట్టడం లేదు."

"అనుమతి..."

"నేనిస్తున్నాను. ఇది ఆజ్ఞ. నీ కుర్చీలో నేను కూర్చుంటాను, ఎక్కడికీ పోను."

తోక డాక్టరమ్మ వైపు చూశాడు. చాలా రోజుల నొప్పి ఆ చూపులో ఉంది. ఎవరైనా ఒక్క మాట గట్టిగా చెబితే లొంగిపోయే స్థితి అది. ఆమె చెప్పింది. "రండి, ఇంకా ఆలస్యం చేస్తే దవడ ఎముకకి పాకుతుంది." చెప్పిన మాటలో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అదే ఆమెను కాల్చేసింది.

అతను పడుకున్నాడు. కళ్ళకి రంగు అద్దాలు పెట్టింది, దీపం దించింది. ప్రతి రోగికీ చెప్పే మాటే అతనికీ చెప్పింది. "నోరు తెరిచి ఉంటుంది కాబట్టి మాట్లాడలేరు. నొప్పి పుట్టినా, ఇబ్బందిగా ఉన్నా ఎడమ చెయ్యి ఎత్తండి. వెంటనే ఆపేస్తాను."

"నిజంగా ఆపుతారా?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఆపుతాను."

మత్తు ఇంజెక్షను ఇచ్చింది. దవడ మొద్దుబారాక పన్ను చుట్టూ రబ్బరు గుడ్డ బిగించి డ్రిల్లు అందుకుంది. గుమ్మం పక్కన కల్నల్ పేపరు చదువుతున్నాడు. నిదానంగా చదివే మనిషి. చాలాసేపటికి ఒక పేజీ తిరిగేది, ఆ చప్పుడుకి తోక భుజాలు కాస్త వదులయ్యేవి. అతను చెవులతో కాపలా కాస్తున్నాడని ఆమెకి అర్థమైంది.

పన్ను తెరుచుకుంది. లోపలినుంచి చీము ఉబికి వచ్చింది. ఎన్నాళ్ళనుంచో బిగిసివున్న ఒత్తిడి తగ్గగానే అతని ఛాతీలోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. అప్పుడే వెనక గదిలోంచి బావ వచ్చాడు. చెప్పులు లేవు, ఒంటి మీద కట్టుడు పళ్ళు చేసే పనివాడి తెల్లకోటు. కల్నల్ లేచి పేపరు అతని చేతికిచ్చి, ఆ కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి, వెనక గదిలోకి నడిచాడు. వెళ్ళేటప్పుడు పడుకున్న మనిషి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బావ పేపరు పేజీ తిప్పాడు. ఇంట్లో అలవాటు ఎక్కడికి పోతుంది? వేలు తడి చేసుకుని తిప్పాడు. కాసేపటికే ఇంకోటి తిప్పాడు.

తోక ఎడమ చెయ్యి లేచింది.

డాక్టరమ్మ చేతిలో సన్నటి సూది అతని పన్ను వేరులో ఉంది. కింద సందులో వ్యాను ఇంకా కదలలేదు. ఆమె ఆపలేదు. "ఒక్క క్షణం, అయిపోవచ్చింది" అంది.

ఆ చెయ్యి దిగలేదు. కొట్టుకోలేదు, ఆమెని తోసెయ్యలేదు, అలా గాల్లో నిలబడి ఉంది. పంటి బిగువున ఓర్చుకోవడం అంటారు గదా, పళ్ళు బిగించే వీలు కూడా అతనికి లేదు. సందులో వ్యాను తలుపు మూసుకున్న చప్పుడు, ఇంజను చప్పుడు, ఆ తరువాత వాన చప్పుడు. అప్పుడా చెయ్యి మెల్లగా కుర్చీ చేతి మీదికి దిగింది.

ఆమె సూది తీసేసింది. రబ్బరు గుడ్డ విప్పింది. అతను లేచి కూర్చుని రంగు అద్దాలు తీసి గుమ్మం వైపు చూశాడు. తెల్లకోటులో ఉన్న మనిషిని చూశాడు. ఖాళీగా తెరిచివున్న వెనక గది తలుపు చూశాడు. పెదవి ఒక పక్క మొద్దుబారి, చొంగ కారుతోంది. చేత్తో తుడుచుకున్నాడు.

"రెండేళ్ళుగా ఆయన పేపరు చదవడం వింటున్నాను" అన్నాడు మాట ముద్దముద్దగా వస్తుంటే. "ఆయన వేలు తడి చేసుకోరు."

"మరి ఎందుకు లేవలేదు?"

"చెయ్యి ఎత్తాను కదా మేడమ్. మీరు ఆపుతానన్నారు."

ఆమె తల వంచుకుని పళ్ళెంలోని పనిముట్లు సర్దింది.

బావ లేచి దగ్గరికొచ్చాడు. అతనికి వాళ్ళ భాష రాదు. "చిన్నీ, నేను చెప్పింది చెప్పు. ఇక్కడే ఉండిపోవచ్చు అను. ఇల్లు, ఉద్యోగం, కొత్త పేరు, అన్నీ మేం చూసుకుంటాం."

ఆమె చెప్పింది. అతను విన్నాడు.

"నా భార్య, నా కూతురు?"

ఆమె బావ వైపు తిరిగింది. "భార్యనీ కూతుర్నీ తీసుకొస్తారా అంటున్నాడు."

"చూద్దాం అని చెప్పు."

డాక్టరమ్మ ఒక్క ఊపిరి తీసుకుని ఆ భాషలో అంది. "తీసుకురాలేరు."

ఆ మాటకి తోక కళ్ళు దించుకోవడం బావ పసిగట్టాడు. "ఏమని చెప్పావు?"

"రప్పించలేరని చెప్పాను."

"నేనలా అనలేదే!"

"నీ చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు బావా. పొద్దున్నించీ ఈ మనిషితో ఒక అబద్ధం ఆడాను, చాలు."

బావ మొహం ఎర్రబడింది. ఇంకో సైనికుడు చేతికందినట్టే అంది జారిపోయాడు.

తోక కుర్చీలోంచి దిగలేదు. "పన్ను సగంలో ఉంది కదా?" అని అడిగాడు.

"అవును."

"పూర్తి చెయ్యండి. నేను తిరిగి వెళ్ళాలి. వాళ్ళు నన్ను పంపించే చోట పళ్ళ డాక్టర్లు ఉండరు."

ఆమె మళ్ళీ చేతులు కడుక్కుంది. వేర్లు శుభ్రం చేసి, మందు పెట్టి, పైన సిమెంటు వేసింది. చెయ్యాల్సినవన్నీ ఒక్క పూటలోనే చేసింది. బావ కిటికీ దగ్గర నిలబడి కింద డ్రైవరు వైపు చూస్తూ కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. ముగిశాక ఆమె పన్ను మీద వేలు పెట్టి నొక్కి చూసి, "రెండు రోజులు ఈ పక్క నమలొద్దు" అంది. అలవాటుగా వచ్చేసిన మాట అది. ఆ మాటకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తరువాత ఆమె అతన్ని అడిగింది. "వాళ్ళకేం చెబుతారు?"

"ఏం చెప్పినా ఒకటే. మెలకువగా ఉండి పోగొట్టుకున్నాను."

డాక్టరమ్మ గోడకున్న అద్దాల బీరువా వైపు చూసింది. బాగా భయపడే రోగులకి ఇచ్చే నిద్ర మందు అందులో ఉంది. "మెలకువగా లేకపోతే?" అంది.

అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. బావకి మాత్రం భాష రాకపోయినా ఆమె బీరువా తెరవగానే అర్థమైపోయింది.

"చిన్నీ, వద్దు. నిద్ర మందు ఇచ్చావంటే నీకు అన్నీ తెలుసని ఒప్పుకున్నట్టే. రేపటినుంచి వాళ్ళ దృష్టి నీ మీదే. ఈ క్లినిక్కు ఉండదు, ఈ ఊరు ఉండదు. నీ పేరు బయటికి రాకుండా ఉండాలనే కదా ఇంత పకడ్బందీగా చేసింది!"

"అతని పేరు బయటికొచ్చినా పర్వాలేదా?"

"అతనూ నువ్వూ ఒకటా నాకు?"

ఆ మాట బావ ప్రేమతోనే అన్నాడు. అది ఆమెకీ తెలుసు. సిరంజిలోకి మందు ఎక్కించింది. "వాళ్ళ డాక్టర్లు రక్తం పరీక్ష చేస్తారు. అందులో తేలుతుంది. డాక్టరే మోసం చేసి నిద్రపుచ్చిందని చెప్పండి" అంది తోకతో.

"మేడమ్, మిమ్మల్ని..."

"మీ చెయ్యి ఇవ్వండి."

అతను చొక్కా చెయ్యి మడిచి ఇచ్చాడు. మందు ఎక్కుతుండగా కళ్ళు మూతలు పడుతూ ఏదో గొణిగాడు. పాప పేరేమో, ఆమెకి సరిగ్గా వినబడలేదు.

"ఇక పద" అన్నాడు బావ ఆమె భుజం పట్టుకుని.

"మత్తిచ్చిన మనిషిని ఒంటరిగా వదలకూడదు బావా. నాలుక వెనక్కి పడితే ఊపిరాడదు."

"పిచ్చా నీకు? డ్రైవరు కారు దిగాడు, ఇటే చూస్తున్నాడు!"

"వాడు పైకొచ్చేదాకా ఉంటాను."

తోకని పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి పట్టుకుని, నాడి మీద వేళ్ళు పెట్టి ఆమె అలాగే నిలబడింది. వెనక గది గుమ్మంలో బావ పళ్ళు నూరుతున్నాడు. కింద వీధి తలుపు చప్పుడైంది. మొదటి అంతస్తు మెట్లమీద బూట్లు. ఆమె కదల్లేదు. ముందు గది తలుపు కొట్టారు, పిలిచారు, గడియ కదిపారు. గడియ వేసి లేదు. తలుపు తెరుచుకుంటున్న కిర్రు వినబడ్డాక, ఆమె వేళ్ళు తీసి, వెనక గదిలోంచి ఇనప మెట్లు దిగి వానలోకి పరిగెత్తింది.

బావ చెప్పినట్టే జరిగింది. క్లినిక్కు మూతపడింది. ఊరు మారింది. ఇప్పుడు ఎక్కడో ఇంకొకరి ఆసుపత్రిలో, ఇంకో పేరుతో పళ్ళు చూస్తోంది. తల్లిని అక్క తన దగ్గరికి తెచ్చుకుంది. డాక్టరమ్మకి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చిందని మాత్రమే పెద్దావిడకి చెప్పారు. "మంచి ఉద్యోగమైతే మొహం చూపించడానికేం రోగం?" అని ఆమె ఫోనులో రోజూ సాధిస్తుంది.

కల్నల్ చెప్పిన ఊళ్ళని సమయానికి ఖాళీ చేయించారు. ఫిరంగి గుండ్లు ఖాళీ ఇళ్ళ మీద పడ్డాయి. బడి కూలిపోయింది గాని, అందులో పిల్లలు లేరు. ఈ సంగతి పేపర్లో వేరే విధంగా వచ్చింది. బావ చెబితేనే ఆమెకి అసలు విషయం తెలిసింది. విని ఆమె సంతోషించింది. ఆ సంతోషం అబద్ధం కాదు. అయినా ఆ రోజంతా వచ్చిన ప్రతి రోగి ఎడమ చెయ్యి వైపూ చూస్తూనే ఉంది.

కొన్నాళ్ళకి కల్నల్‌కి ఆమె రంధ్రం పెట్టిన పన్నే నొప్పి లేచింది. బయటి డాక్టరుకి చూపించడానికి లేదని అతన్ని దాచిన ఇంటికి బావ ఆమెను తీసుకెళ్ళాడు. కర్టెన్లు దించిన గది, మేజా మీద సగం తాగిన కాఫీ, చదివిన పేపర్ల కట్ట. అతను బాగా చిక్కిపోయాడు. ఆమె పన్ను చూస్తుండగా, ఎవరూ అడక్కుండానే అన్నాడు.

"ఆ అబ్బాయి పన్ను సంగతి నాకు చాలా ముందే తెలుసు. చలికాలంలోనే మొదలైంది. వైద్యానికి అనుమతి కోసం వచ్చాడు. నేనే ఇవ్వలేదు. ఎప్పటికైనా పనికొస్తుందనుకున్నాను."

డాక్టరమ్మ చేతిలో అద్దం ఆగిపోయింది. ఆ నొప్పిని అవకాశంగా చూసింది బావ ఒక్కడే అనుకుంది ఇన్నాళ్ళూ. దాన్ని నెలల తరబడి పెంచినవాడు ఈయన.

"ఇది నాకెందుకు చెబుతున్నారు?"

"ఇంకెవరికి చెప్పాలి?" అన్నాడు ముసలాయన. అతని కళ్ళు తడిశాయి. జాలిపడాలో అసహ్యించుకోవాలో ఆమెకి తెలియలేదు. రెండూ ఒకేసారి కలిగాయి. పన్ను పూర్తిగా బాగు చేసింది, ఏ లోటూ లేకుండా. సామాను సర్దుకుని లేస్తూ, "ఇకమీదట నొప్పొస్తే ఇంకెవరినైనా పిలిపించుకోండి" అంది.

మరుసటి ఏడు వానలు మొదలయ్యాక బావ ఫోను చేశాడు. తోక మీద విచారణ జరిగిందట. రక్తంలో మందు దొరికింది కాబట్టి కుట్రలో భాగస్వామి కాదని తేల్చారట. అయినా ఏమరుపాటు నేరమని హోదా పీకేసి, ఎక్కడో మంచు ప్రాంతంలో గోదాముకి కాపలా వేశారట. భార్య, కూతురు ఉన్న ఇంటి జోలికి పోలేదట.

"నిజమేనా బావా?"

"నిజమే."

ఆమె ఆ మాటలన్నీ మళ్ళీ మొదట్నించీ చెప్పించుకుంది. మార్పు లేకుండా చెప్పాడు. అయినా మనసు నిలవక, అక్కకి ఫోనివ్వమంది.

"అక్కా, బావ నాతో ఇప్పుడు మాట్లాడినంతసేపూ నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నానే. బియ్యం ఏరుకుంటున్నా."

"అబద్ధం చెప్పాడనిపించిందా?"

అక్క బియ్యం ఏరడం ఆపింది. "ఆయన అబద్ధమాడేటప్పుడు చెవి గోక్కుంటారు. ఇప్పుడు గోక్కోలేదు" అంది. తరువాత గొంతు తగ్గించి, "కానీ చిన్నీ, ఆ సంగతి నాకు తెలుసని ఆయనకీ తెలుసే" అంది.

అవతల అక్క చేటలో బియ్యం కదిలిన చప్పుడు వినబడుతోంది. ఇవతల నర్సు తలుపు తోసి, తరువాతి రోగిని లోపలికి పంపమంటారా అని సైగ చేసింది. డాక్టరమ్మ పంపమని తల ఊపింది.